ఒక పతకం, నాలుగు ప్రశ్నలు: పాత జర్మన్, ఆస్ట్రియన్ సైనిక పతకాల్లో ‘అసలు’ అంటే ఏమిటి?

బెర్లిన్, మ్యూనిక్, వియన్నా నగరాల్లో వారాంతాల్లో జరిగే పాత సామాన్ల సంతల్లో, గాజు మూత ఉన్న పెట్టెల్లో చిన్న చిన్న నల్లటి శిలువలు వరుసగా పేర్చి కనిపిస్తాయి. ఇవి ఐరన్ క్రాస్ అనే జర్మన్ సైనిక పతకాలు. అంచు చుట్టూ మసకబారిన వెండి చట్రం, పైన కిరీటం, మధ్యలో ‘డబ్ల్యూ’ అక్షరం, అడుగున 1914 అనే అంకె ఉంటాయి. ఇలాంటివే ఆన్‌లైన్ వేలాల్లోనూ వందల కొద్దీ కనిపిస్తున్నాయి కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని కొనుక్కునేవారు కూడా ఉన్నారు. కొనేవారు అడిగే మొదటి ప్రశ్న “ఇది అసలుదేనా?” అన్నది. అమ్మేవాడు “అసలుదే” అంటాడు. ఆ జవాబు అబద్ధం కాకపోవచ్చు. అయినా కొనేవారు మనసులో పెట్టుకున్న అర్థంలో అది నిజం కాకనూ పోవచ్చు. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

నాణేలకైతే ఈ చిక్కు తక్కువ. ప్రభుత్వ టంకశాలలో ముద్రించినది అసలు, బయట ముద్రించినది నకిలీ. సైనిక పతకాల విషయంలో, ముఖ్యంగా జర్మనీ, ఆస్ట్రియాల విషయంలో, ఈ గీత అంత సూటిగా ఉండదు. అక్కడి ప్రభుత్వాలు పతకాలను చాలావరకు ప్రైవేటు నగల తయారీదారుల చేత చేయించాయి. అదే తయారీదారులు అవే పతకాలను దుకాణాల్లోనూ అమ్మారు. రాజ్యాలు కూలిపోయాక కూడా వాటిలో కొన్ని కర్మాగారాలు పనిచేస్తూనే ఉన్నాయి.

‘అసలు’ అనే మాటలో కలిసిపోయిన వేర్వేరు సంగతులు

పతకం చేతికి వచ్చినప్పుడు విడివిడిగా అడగవలసిన ప్రశ్నలు నాలుగు. ఇది ఎప్పుడు తయారైంది? ఎవరు తయారు చేశారు? ఏ అవసరానికి తయారు చేశారు, అంటే ప్రదానం చేయడానికా, గ్రహీతకు అమ్మడానికా, మోసగించడానికా? చివరిగా, దీన్ని ఎవరు ధరించారు? మొదటి రెండింటికి లోహం, పనితనం, ముద్రలు చాలావరకు జవాబు చెబుతాయి. మూడోది కొంత ఊహ మీద ఆధారపడుతుంది. నాలుగోదానికి పతకం తనంతట తాను దాదాపు ఎప్పుడూ జవాబు చెప్పదు.

బ్రిటిష్ పతకాలతో పోలిస్తే ఈ నాలుగో ప్రశ్న ఎంత కఠినమో అర్థమవుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్గొన్న భారత సైనికులకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన యుద్ధ పతకం అంచు మీద సైనికుని సంఖ్య, పేరు, దళం అచ్చువేసి ఉండేవి. మిలటరీ మాధవరం అని పిలుచుకునే పశ్చిమ గోదావరి గ్రామంలాగా తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊళ్లలో, తాత పతకం అంచును వేలితో తడిమితే ఆయన పేరు తగులుతుంది. జర్మన్, ఆస్ట్రియన్ పతకాల్లో అత్యధిక భాగం పేరు లేకుండానే ఇచ్చారు. అందుచేత “ఇది ఫలానా వీరుడిది” అనే మాటకు పతకం బయట ఆధారం చూపవలసిందే.

ఈ నాలుగు ప్రశ్నలను కలిపేస్తే అర్థం ఎలా తారుమారవుతుందో ఒక ఉదాహరణలో చూడవచ్చు. రెండో ప్రపంచయుద్ధ కాలపు ఐరన్ క్రాస్ ఒకటి, దానితోపాటు 1940లో ఇచ్చిన ప్రదాన పత్రం అమ్మకానికి ఉన్నాయనుకుందాం. క్రాస్ మీద ‘ఎల్/16’ అనే చిన్న ముద్ర ఉంది. అది ల్యూడెన్‌షైడ్ పట్టణంలోని స్టైన్‌హావర్ ఉండ్ ల్యూక్ అనే సంస్థకు, చిల్లర అమ్మకాల కోసం కేటాయించిన సంకేతం. ఆ ‘ఎల్’ సంకేతాల పద్ధతి 1941లోగాని మొదలు కాలేదు. అందువల్ల 1940లో సైనికుని ఛాతీకి తగిలించినది ఈ క్రాస్ అయ్యే వీలు లేదు. అంత మాత్రాన ఇది నకిలీ కాదు. మొదటిది పోయినందువల్లో, పండగ దుస్తులకు ఇంకొకటి కావాలనిపించో, ఆయనే దుకాణంలో దీన్ని కొనుక్కుని ఉండవచ్చు. పత్రం అసలు, క్రాస్ అసలు, రెండూ ఒకే మనిషివి కూడా కావచ్చు. అయినా “ఈ పత్రంతో ఇచ్చిన క్రాస్ ఇదే” అనే మాట మాత్రం నిలవదు.

ఇవ్వడానికి అధికారం ఎవరిది?

1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడిన తరువాత కూడా పతకాలిచ్చే హక్కు ఆయా రాజ్యాల దగ్గరే ఉండిపోయింది. ప్రష్యా, బవేరియా, సాక్సనీ, వుర్టెంబెర్గ్, బాడెన్, ఇంకా డ్యూకులు ఏలే చిన్న చిన్న సంస్థానాలు, చివరకు హాంబుర్గ్, బ్రెమెన్, ల్యూబెక్ నగరాలు కూడా సొంత పతకాలు ఇచ్చాయి. ఐరన్ క్రాస్ ప్రష్యాది. మొదటి ప్రపంచయుద్ధంలో అది జర్మన్ సైన్యాలన్నిటికీ చేరి సామ్రాజ్యం మొత్తానికి గుర్తుగా మారింది. ఆ రాజ్యపు అత్యున్నత సైనిక గౌరవమైన ‘పూర్ లె మెరీట్’ కూడా ప్రష్యాదే. దాన్ని 1740లో ఫ్రెడరిక్ ది గ్రేట్ నెలకొల్పాడు. అప్పటి రాజసభ భాష ఫ్రెంచి కావడంతో పేరు ఫ్రెంచిలో ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో దాన్ని అందుకున్నవారు 687 మంది మాత్రమే. బవేరియాకు 1806 నాటి మాక్స్ జోసెఫ్ ఆర్డర్ ఉంది.

ఆస్ట్రియా వైపు హాబ్స్‌బర్గ్ చక్రవర్తి ఒక్కడే మూలం. మరియా థెరీసా సైనిక ఆర్డర్ 1757 నాటిది. సామాన్య సైనికుల కోసం రెండో జోసెఫ్ 1789లో మొదలుపెట్టిన గౌరవ పతకమే తరువాత శౌర్య పతకంగా పేరు మార్చుకుంది. బంగారు, వెండి తరగతులకు 1848లో చిన్న వెండి పతకం, 1915లో కంచు పతకం చేరాయి.

ఒక మాట విడమరచి చెప్పాలి. ‘ఆర్డర్’ అంటే సభ్యత్వం. దాని చిహ్నాన్ని ధరించినవాడు ఒక గౌరవ సమాజంలో చేరినట్లు. ‘మెడల్’, ‘క్రాస్’ అంటే చేసిన పనికి ఇచ్చిన గుర్తు. ఆర్డర్ చిహ్నాలను చాలాచోట్ల గ్రహీత మరణించాక తిరిగి ఇచ్చేయవలసి ఉండేది. ఆ కారణంగా కూడా అధికారిక చిహ్నానికి తోడు సొంతంగా చేయించుకున్న ప్రతులు పుట్టుకొచ్చాయి.

ఐరన్ క్రాస్‌ను భూతద్దం కింద చూస్తే

ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విల్హెల్మ్ నెపోలియన్‌పై యుద్ధం కోసం 1813లో ఐరన్ క్రాస్‌ను నెలకొల్పాడు. శాసనం మీద మార్చి 10 అనే తేదీ ఉంది; అది మూడేళ్ల క్రితం మరణించిన రాణి లూయిజా పుట్టినరోజు. ఆ యుద్ధం కోసం ప్రష్యా ప్రజలు తమ బంగారు నగలు ఇచ్చి ఇనుప నగలు పుచ్చుకుంటున్న రోజులవి. పతకాన్ని కూడా ఇనుముతోనే చేయడంలో ఆ త్యాగానికి గుర్తింపు ఉంది. రూపం దిద్దినవాడు వాస్తుశిల్పి కార్ల్ ఫ్రీడ్రిష్ షింకెల్. మొదట్లో దీని ముందువైపు ఏ గుర్తూ లేకుండా నున్నగా ఉండేది. ఓక్ ఆకులు, రాజు పేరులోని అక్షరాలు, 1813 అన్నీ వెనుకవైపే. దీన్ని మళ్లీ 1870లో, 1914లో, 1939లో పునరుద్ధరించారు.

మన దక్షిణాదికి ఈ క్రాస్‌తో ఒక చిన్న చరిత్ర ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని చమురు ట్యాంకులపై గుళ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ కథ, అప్పటికి తెలుగువారికీ రాజధాని అయిన ఆ నగరంలో చాలాకాలం చెప్పుకున్నారు. ఆ నౌక కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్‌కు మొదటి తరగతి ఐరన్ క్రాస్, ఆ తరువాత 1918లో పూర్ లె మెరీట్ దక్కాయి.

1914 క్రాస్‌లు ఎన్ని ఇచ్చారో చూస్తే వాటి ధర ఎందుకు తక్కువో అర్థమవుతుంది. రెండో తరగతివి సుమారు 50 లక్షలు, మొదటి తరగతివి సుమారు 2 లక్షల 18 వేలు అని లెక్క. అన్ని లక్షలు ఉన్న వస్తువును కష్టపడి నకిలీ చేయడంలో లాభం తక్కువ. అయినా ఇప్పుడు అచ్చు యంత్రాలు చవకగా దొరుకుతున్నందువల్ల వీటికీ నకిలీలు వస్తున్నాయి.

అసలు నిర్మాణం తెలిస్తే సగం పని అయినట్టే. ఐరన్ క్రాస్ మూడు ముక్కల వస్తువు: మధ్యలో నల్లరంగు వేసిన ఇనుప పలక, దాన్ని ముందునుంచి, వెనుకనుంచి పట్టుకున్న రెండు వెండి చట్రాలు. ఈ రెండు చట్రాల అంచులను టంకం వేసి అతికి, ఆకురాయితో నునుపు చేసేవారు. భూతద్దంతో పక్కనుంచి చూస్తే ఆ అతుకు సన్నని గీతలా అక్కడక్కడ కనిపిస్తుంది. పైనుంచి చూస్తే పలకకూ చట్రానికీ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. వంద ఏళ్లలో ఆ సందులో తేమ చేరి, నల్లరంగు కింద నుంచి గోధుమరంగు తుప్పు పొడిలా బయటికి వచ్చి ఉంటుంది. చట్రం లోపలి మెట్టు మీద ఆవగింజలు వరుసగా పేర్చినట్టు చిన్న చిన్న గింజల చెక్కడం ఉంటుంది. అసలుదానిలో ఒక్కో గింజ విడిగా, పదునుగా ఉంటుంది. చేతివేళ్లు ఎక్కువగా తగిలే చోట వెండి తెల్లగా, గింజల మధ్య లోతుల్లో నల్లగా ఉండడం సహజమైన అరుగుదల. నాసిరకం నకిలీ ఒకే ముక్కగా పోతపోసి, మధ్యభాగానికి నల్లరంగు పూసినదై ఉంటుంది. అక్కడ సందు ఉండదు, గింజలు కరిగిన మైనంలా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

చాలామంది నమ్మే పరీక్ష అయస్కాంతం. మధ్య పలక ఇనుము కాబట్టి అంటుకోవాలి. ఈ పరీక్ష పనికొస్తుంది గాని రెండు వైపులా మోసం చేయగలదు. నకిలీ చేసేవాడు కూడా ఇనుప పలకనే పెడతాడు. మరోవైపు 1939 రకంలో ఇత్తడి పలకతో చేసిన అసలు క్రాస్‌లు కూడా ఉన్నాయి. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నౌకాదళం కోసం వాటిని చేశారని సేకర్తల్లో ఒక నమ్మకం ఉంది. దాన్ని ఒప్పుకోనివారూ ఉన్నారు. కారణం ఏదైనా, అయస్కాంతానికి అంటుకోలేదని అసలు వస్తువును పారేసే ప్రమాదం ఉన్నదని మాత్రం గుర్తుంచుకోవాలి. చట్రం విషయంలో ఇంకో సంగతి: 1939 రకంలో వెండికి బదులు నికెల్, రాగి, జింక్ కలిసిన మిశ్రమ లోహం కూడా వాడారు. మన ఇళ్లలో పూజ సామాన్లకు, తాంబూలం పళ్లాలకు జర్మన్ సిల్వర్ అని పిలిచేది ఈ లోహాన్నే.

1870 క్రాస్ మీద ‘800’ ముద్ర ఎలా వచ్చింది?

ముద్రలు ఎలా మాట్లాడతాయో చూపడానికి నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణ ఇది. 1870–71 ఫ్రాన్స్ యుద్ధం నాటి రెండో తరగతి ఐరన్ క్రాస్ ఒకటి ముందు ఉంది. రిబ్బన్ దూర్చే రింగు మీద ‘800’ అని ఉంది. వెయ్యి పాళ్లలో 800 పాళ్లు శుద్ధమైన వెండి అని దాని అర్థం. మన నగల హాల్‌మార్క్‌లో 22 కారెట్ల బంగారానికి 916 అని ఉండడం లాంటిదే. జర్మనీలో వెండి శుద్ధతను వెయ్యిలో పాళ్లుగా, నెలవంక, కిరీటం గుర్తులతో పాటు ముద్రించే పద్ధతి 1888లో అమలులోకి వచ్చింది. అంతకుముందు జర్మన్ ప్రాంతాల్లో వెండిని ‘లోత్’ అనే పదహారు భాగాల లెక్కలో కొలిచేవారు. కాబట్టి ఈ క్రాస్ యుద్ధం ముగిసి పదిహేనేళ్లకు పైగా గడిచాక తయారైనదనే నిర్ధారణకు రావడం సమంజసం.

ఇప్పుడు రెండు వాదాలు వస్తాయి. యుద్ధకాలంలో చేతికి ఇచ్చినదే అసలు అని, తక్కినదంతా ప్రతి మాత్రమే అని కొందరు సేకర్తలు ఖచ్చితంగా అంటారు. రెండో పక్షం వారు ఆ యుద్ధ సైనికుల జీవితాన్ని గుర్తు చేస్తారు. 1895లో ఆ యుద్ధానికి 25 ఏళ్లు నిండిన సందర్భంగా, బతికున్న ఐరన్ క్రాస్ గ్రహీతలు రిబ్బన్ మీద ‘25’ అంకె ఉన్న ఓక్ ఆకుల పట్టీ ధరించడానికి జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్ అనుమతి ఇచ్చాడు. అప్పటికి యాభై ఏళ్లు దాటిన మాజీ సైనికులు వార్షికోత్సవ కవాతులకు వెళ్లేవారు. పాతది పోయినవాళ్లు, పాతదానికి తుప్పు పట్టినవాళ్లు నగల దుకాణాల్లో కొత్తది కొనుక్కునేవారు. అలాంటి క్రాస్‌ను నిజమైన గ్రహీతే మరణించేదాకా ధరించి ఉండవచ్చు. నా దృష్టిలో రెండో పక్షం చరిత్రకు దగ్గరగా ఉంది. అయితే ధర దగ్గర మొదటి పక్షం మాటే చెల్లుతుంది, చెల్లాలి కూడా. ‘తరువాతి కాలపు సొంత కొనుగోలు ప్రతి’ అని అమ్మేవాడు స్పష్టంగా చెప్పినంతవరకు ఇందులో మోసం ఏమీ లేదు.

వియన్నా ముద్రల్లో జంతువులు, పక్షులు

ఆస్ట్రియా–హంగరీ వెండి, బంగారు వస్తువుల మీద ముద్రలను చదవడం ఒక ప్రత్యేక విద్య. 1867 నుంచి పెద్ద వెండి వస్తువులకు చంద్రదేవత డయానా తల, పక్కన 1 నుంచి 4 వరకు శుద్ధతను తెలిపే అంకె, ఊరిని తెలిపే అక్షరం వేసేవారు. ‘ఎ’ అంటే వియన్నా. పతకాల రింగుల వంటి చిన్న వెండి వస్తువులకు వేటకుక్క తల, చిన్న బంగారు వస్తువులకు నక్క తల గుర్తులు ఉండేవి. సామ్రాజ్యం 1918లో కూలిపోయింది. కొత్త రిపబ్లిక్ 1922లో ముద్రలు మార్చింది. వెండికి కూకుడుగువ్వ, టూకాన్ పక్షుల తలలు వచ్చాయి.

సైనిక మెరిట్ క్రాస్‌ను తీసుకుందాం. ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1849లో నెలకొల్పిన ఈ క్రాస్ తెల్లటి ఎనామెల్‌తో, మధ్యలో జర్మన్‌లో మెరిట్ అనే అర్థమిచ్చే మాటతో ఉంటుంది. అమ్మేవాడు ఇది 1915లో ఇచ్చినది అంటాడు. రింగు మీద ఆవగింజంత ముద్రను పది రెట్ల భూతద్దంతో చూస్తే కుక్క తల కనిపిస్తే ఆ మాట నిలుస్తుంది. పొడవైన ముక్కున్న పక్షి తల కనిపిస్తే అది 1922 తరువాతి రింగు. ఇక్కడ తొందరపడకూడదు: రింగు ఒక్కటే మార్చి ఉండవచ్చు. క్రాస్ మీద కూడా ముద్ర ఉందేమో, రెండింటి వెండి ఛాయ కలుస్తుందో లేదో చూడాలి. ఎనామెల్‌ను కూడా వాలుగా వెలుతురులో పట్టి చూడాలి. నిజమైన ఎనామెల్ అంటే లోహం మీద కరిగించిన గాజు. అది దెబ్బ తగిలితే గాజులాగే పెచ్చులూడుతుంది, గోటితో గీస్తే గీత పడదు. పెచ్చు పోయినచోట ఇప్పటి రెసిన్ రంగు నింపి ఉంటే అక్కడ మెరుపు వేరుగా, కాస్త పసుపుగా ఉంటుంది.

మాట అర్థమే పక్కదారి పట్టించే సందర్భం కూడా ఆస్ట్రియా పతకాల్లో ఉంది. యుద్ధకాలపు బంగారు కొరత వల్ల బంగారు శౌర్య పతకానికి కంచు మీద బంగారు పూత వేసిన ప్రతులు వచ్చాయి. వాటిలో కొన్నిటి అంచు మీద ‘ఉన్ఎష్ట్’ అనే ముద్ర ఉంటుంది. నిఘంటువు తెరిస్తే ఆ మాటకు ‘అసలుది కానిది’ అని అర్థం కనిపిస్తుంది. అది చూసి పతకం నకిలీ అనుకునేవారు ఉన్నారు. ఆ ముద్ర చెప్పేది లోహం గురించి, అంటే ఇది నిజమైన బంగారం కాదని. ఆ కాలపు పతకం మీదే అది ఉండవచ్చు.

చివరి చక్రవర్తి కార్ల్ 1916 డిసెంబరులో నెలకొల్పిన సైనిక దళ క్రాస్ కథ దీనికి మరో పార్శ్వం. యుద్ధ రంగంలో 12 వారాలు ఉన్నవారికి ఇచ్చిన ఈ క్రాస్‌ను లోహాల కరువులో జింక్‌తో చేశారు. బూడిదరంగులో, తేలికగా, అంద విహీనంగా ఉన్నదే యుద్ధకాలపు మాదిరి. వెండి పూతతో తళతళలాడేది కనిపిస్తే అది చాలావరకు తరువాతి తయారీ. కొత్తగా సేకరించేవారు సహజంగానే అందమైనదాన్ని ఎంచుకుంటారు.

1945కు ఈ వైపు, ఆ వైపు

అన్నిటికన్నా కష్టమైన చిక్కు ఇక్కడ ఉంది. ఒకే కర్మాగారం, అవే అచ్చులు, ఒక్కోసారి అదే పనివాడు యుద్ధానికి ముందూ తరువాతా పతకాలు చేస్తే, రెండింటినీ వేరు చేయడం ఎలా?

పశ్చిమ జర్మనీ 1957లో చేసిన చట్టం ప్రకారం, రెండో ప్రపంచయుద్ధ పతకాలను నాజీ గుర్తు తీసేసిన రూపంలో ధరించవచ్చు. ఐరన్ క్రాస్ మధ్యలో స్వస్తిక స్థానంలో ఓక్ ఆకులు వచ్చాయి. 1939 అనే అంకె అలాగే ఉండిపోయింది. ఇవి నకిలీలు కావు, యుద్ధకాలపువీ కావు; గ్రహీతలు చట్టబద్ధంగా ధరించడానికి చేసినవి. స్టైన్‌హావర్ ఉండ్ ల్యూక్ ఈ కొత్త రూపాలనూ చేసింది. పాత అచ్చులతో యుద్ధానంతరం కూడా స్వస్తిక ఉన్న ముక్కలు బయటికి వచ్చాయన్న అనుమానంతో, ఆ సంస్థ చేసిన నైట్స్ క్రాస్‌ల (మెడలో ధరించే, ఐరన్ క్రాస్‌లో పై స్థాయి పతకాల) మీద సేకర్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అచ్చు వాడేకొద్దీ అరుగుతుంది, పగుళ్లు వేస్తుంది; ఆ పగుళ్ల ఆనవాళ్లు చట్రం గింజల మీద చిన్న గడ్డల్లా కనిపిస్తాయి. ఏ పగులు ముందు, ఏది తరువాత అని వరుస పేర్చడమే ఆ వాదానికి ఆయువుపట్టు. యుద్ధకాలంలోనే ఆ పగుళ్లు వచ్చాయని ఒకరు, లేదని మరొకరు. ఆ వివాదాన్ని కొంతైనా తేల్చగలిగేవి 1945లో అక్కడే, అప్పుడే చేతికి చిక్కిన ముక్కలు. సాల్జ్‌బుర్గ్ దగ్గరి క్లెస్‌హైమ్ భవనంలో నిల్వ ఉన్న పతకాలను అమెరికన్ సైనికులు జ్ఞాపకాలుగా పట్టుకెళ్లారు. వాటిని ఎవరికీ ప్రదానం చేయలేదు, ఎవరూ ధరించలేదు. అయినా అవి యుద్ధం ముగియకముందే తయారయ్యాయని చెప్పవచ్చు.

ఇదే చిక్కు భారతీయులకు నేరుగా సంబంధించిన పతకాల్లోనూ ఉంది. సుభాష్ చంద్రబోస్ జర్మనీలో ఉన్నప్పుడు, 1942లో ఆజాద్ హింద్ పతకాలను నెలకొల్పారు. షేర్ ఎ హింద్, సర్దార్ ఎ జంగ్, వీర్ ఎ హింద్, షహీద్ ఎ భారత్ అని వాటికి పేర్లు. యుద్ధరంగంలో సాధించినవారికి కత్తుల గుర్తుతో ఇచ్చేవారు. బోస్‌కు అక్కడ కార్యదర్శిగా పనిచేసి, 1943లో ఆయన వెంట జలాంతర్గామిలో ప్రయాణించిన ఆబిద్ హసన్ సఫ్రానీ మన హైదరాబాద్‌వాడే. ఈ పతకాలు చేసినది వియన్నాలోని రుడాల్ఫ్ సూవాల్ సంస్థ. యుద్ధం ముగిశాక కూడా ఆ సంస్థ పాత నమూనాల పతకాలను సేకర్తల కోసం చేస్తూ వచ్చింది. అందువల్ల వేలంలో ఆజాద్ హింద్ పతకం కనిపించి, “వియన్నా సూవాల్ తయారీ” అని ధ్రువీకరిస్తే, ఎవరు చేశారన్న ప్రశ్నకే జవాబు దొరికినట్టు. ఎప్పుడు, ఎందుకు అన్నవి అలాగే మిగిలి ఉంటాయి. స్వాతంత్ర్య సమరానికి సంబంధించిన వస్తువు మన చేతికి వచ్చిందన్న ఉద్వేగంలో ఈ తేడా మరుగున పడుతుంది. ఆ ఉద్వేగాన్ని నేను అర్థం చేసుకోగలను. అందుకే ఇలాంటి వస్తువు విషయంలో మరింత కఠినంగా ఉండాలని అనుకుంటాను.

స్వస్తిక ఉన్న పతకాల మీద చట్టం, అభ్యంతరం

మన గడపల మీద, పెళ్లి పత్రికల మీద ఉండే స్వస్తికానికి శుభం అని అర్థం. జర్మన్‌లో నాజీ గుర్తును కొక్కేల శిలువ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఆ గుర్తును బహిరంగంగా ప్రదర్శించడం జర్మనీ శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ ప్రకారం నేరం. పరిశోధన, బోధన, కళ వంటి అవసరాలకు మినహాయింపు ఉంది. ఆస్ట్రియాలో 1947 నాటి నిషేధ చట్టం, 1960 నాటి చిహ్నాల చట్టం ఇదే విషయాన్ని చూస్తాయి. అక్కడి వేలం సంస్థలు బొమ్మల్లో ఆ గుర్తును కప్పి చూపడానికి కారణం ఇదే. ఆ అతికించిన చుక్క కిందనే పరిశీలించవలసిన వివరం ఉండిపోవడం దూరం నుంచి కొనేవారికి ఇబ్బంది.

అసలు వీటి వ్యాపారమే తగదని, హత్యాకాండ జరిపిన పాలన గుర్తులకు ధర పెరగడం బాధితుల కుటుంబాలకు గాయమని ఒక వాదం ఉంది. ఇవి కూడా చరిత్రకు సాక్ష్యాలే, దాచిపెడితే అబద్ధపు కథలు పెరుగుతాయని మరో వాదం. రెండింటిలోనూ బరువుంది. 1918కి ముందరి పతకాల సేకరణకు ఈ భారం లేదు కాబట్టి చాలామంది సేకర్తలు అక్కడే ఆగిపోతారు.

పోత, రిబ్బన్, మసక: పరీక్షలు ఎంతవరకు చెబుతాయి?

అసలు పతకాలు చాలావరకు ఉక్కు అచ్చుతో కొట్టి చేసినవి. నకిలీ చేసే సులభమైన పద్ధతి అసలుదాని నుంచి మూస తీసి పోతపోయడం. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఆస్ట్రియా పెద్ద వెండి శౌర్య పతకాన్ని అలా పోతపోస్తే, రెండు శాతం కుంచింపు లెక్కన 39.2 మిల్లీమీటర్లు వస్తుంది. అర మిల్లీమీటరు దాటిన తేడాను మంచి కాలిపర్ పట్టేస్తుంది. అయితే వేర్వేరు తయారీదారుల అసలు పతకాల మధ్యనే అంత తేడా ఉండవచ్చు. ఒకే తయారీదారు, ఒకే అచ్చు ముక్కలతో పోల్చినప్పుడే ఈ లెక్కకు విలువ. చక్రవర్తి మెడ కింద చెక్కిన కళాకారుని సంతకం చూడడం ఇంకా మంచి దారి. ఫ్రాంజ్ జోసెఫ్ బొమ్మ కింద టౌటెన్‌హైన్ పేరు, కార్ల్ బొమ్మ కింద కౌట్ష్ పేరు నువ్వుగింజ కన్నా చిన్న అక్షరాల్లో ఉంటాయి. పోతలో మొదట చెడిపోయేవి అవే.

రిబ్బన్‌ను చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెడతారు. కొత్త బట్టలకు తెల్లదనం పెంచే రసాయనాలు ఉంటాయి కాబట్టి అవి నీలంగా మెరుస్తాయి. పాత పట్టు, నూలు మెరవవు. మెరిసినంత మాత్రాన పతకం నకిలీ అని చెప్పలేం. చిరిగిన రిబ్బన్‌ను మనవడు మార్చి ఉండవచ్చు, లేదా కోడలు ఇప్పటి సబ్బుపొడితో ఉతికి ఉండవచ్చు.

ఎక్స్‌రే యంత్రంతో లోహపు పాళ్లు తెలుసుకునే పరీక్ష ఇప్పుడు నగల దుకాణాల్లోనూ ఉంది. అది ప్రధానంగా పైపొరనే చదువుతుంది. పూత మందంగా ఉంటే లోపలి లోహం బయటపడదు. ఇక వెండి మీది నల్లటి మసక, రాగి మీది చిలుము వయసుకు సాక్ష్యాలని చాలామంది నమ్ముతారు. గంధకపు రసాయనంతో ఆ మసకను ఒక్క సాయంత్రంలో తెప్పించవచ్చు. అలా తెప్పించినది ఎత్తుపల్లాలన్నిటా ఒకే తీరుగా పరుచుకుంటుంది. అసలు మసకకు చేతి స్పర్శ తగిలినచోట ఒక తీరు, తగలనిచోట ఒక తీరు ఉంటాయి. చింతపండుతో తోమి మెరుగుపెట్టిన పతకం ఈ సాక్ష్యాన్నంతా పోగొట్టుకుంటుంది కాబట్టి సేకర్తలు శుభ్రం చేయడాన్ని ఇష్టపడరు.

పేరు తెలిసేది కాగితాల్లో

పతకాల వరుస కట్టిన పట్టీని చూద్దాం. రెండో తరగతి ఐరన్ క్రాస్, దాని పక్కన కత్తులతో బవేరియా సైనిక మెరిట్ క్రాస్, చివర కత్తులున్న హిండెన్‌బుర్గ్ క్రాస్. మూడోదాన్ని మొదటి ప్రపంచయుద్ధ సైనికులకు 1934 జూలైలో నెలకొల్పారు, 60 లక్షలకు పైగా ఇచ్చారు. కాబట్టి పతకాలు యుద్ధకాలానివైనా, పట్టీ కుట్టింది 1934 తరువాతే. “1918లో కందకాల నుంచి ఇలాగే ఇంటికి తెచ్చాడు” అనే కుటుంబ కథ ఈ ఒక్క క్రాస్‌తో పోతుంది. పతకాలు కలిసిన తీరు మాత్రం పొసుగుతుంది: బవేరియా దళంలో పోరాడిన సైనికునికి దక్కవలసిన వరుస ఇదే.

ఆ సైనికుడి పేరు రాసిన ప్రదాన పత్రం కూడా వెంట ఉంటే తరువాతి అడుగు అభిలేఖాగారం. పత్రాలు కూడా నకిలీవి వస్తాయి. ఖాళీ పత్రాల మీద పేరు నింపేవారు ఉన్నారు. అందుకే రెండో ఆధారం కావాలి. ఇక్కడ రాజ్యాన్ని బట్టి అదృష్టం మారిపోతుంది. ప్రష్యా సైన్యపు రికార్డులు పోట్స్‌డామ్‌లోని అభిలేఖాగారంలో ఉండేవి. 1945 ఏప్రిల్ 14 నాటి బాంబుదాడిలో వాటిలో అత్యధిక భాగం కాలిపోయింది. లక్షలాది ప్రష్యా సైనికుల ఐరన్ క్రాస్‌లకు పేరు జతచేసే దారి ఆ మంటల్లోనే పోయింది. ఆస్ట్రియా వారి పతక ప్రతిపాదనల దస్త్రాలు వియన్నా యుద్ధ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఏ కొండ మీద, ఏ రోజున, ఏ పని చేసినందుకు శౌర్య పతకం అడిగారో పై అధికారి రాసిన మాటలు అందులో చదవవచ్చు. బవేరియా సైన్యపు యుద్ధకాల జాబితాలు మ్యూనిక్‌లో భద్రంగా మిగిలాయి. ఒక్కో సైనికునికి ఒక్కో వరుస: పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, వృత్తి, పాల్గొన్న పోరాటాలు, గాయాలు, వాటి పక్క గడిలో వచ్చిన పతకాలు. పత్రంలోని పేరు ఆ వరుసలో ఉండి, ఆ గడిలో ఐరన్ క్రాస్, మెరిట్ క్రాస్ రెండూ నమోదై ఉంటే, ఆ మనిషికి ఆ పతకాలు వచ్చాయన్నది రుజువైనట్టే. పట్టీకి కుట్టిన ఈ రెండు ముక్కలే ఆయన చేతికి అందినవా అన్నది మాత్రం, రింగు మీది ముద్రలను చూసి, టంకం అతుకును చూసి, మళ్లీ భూతద్దం కిందనే తేల్చుకోవాలి.